తొమ్మిదో నంబరు చొక్కా

కాఫీ హోటలని పేరేగానీ
రిఫ్కీ దగ్గర అందరూ తాగేది టీ.
నడుం సన్నని గాజు గ్లాసులో
కుందేలు నెత్తురు రంగు రావాలంటాం మేము.
ఎదురుగా నా కుట్టు దుకాణం.
తలుపు తీసే ఉంచుతాను గనక
నల్ల సముద్రం గాలీ, వాళ్ళ వాదనలూ
రెండూ తిన్నగా నా మిషను మీదికే వస్తాయి.

జనవరి ఆఖరు. అర్ధరాత్రికి గడువు.
ఓర్కున్ ఇస్తాంబుల్ వెళ్ళిపోతున్నాడు.

"ఇంకా పద్దెనిమిది నెలల ఒప్పందం ఉంది"
అంటాడు జెవ్‌దెత్, నలభై ఏళ్ళుగా హేజల్‌నట్ బేరగాడు.
"ఒక్క బస్తాకి మాటిచ్చి తప్పితే
నేను బజార్లో తలెత్తుకు తిరగ్గలనా?"

"బస్తాకి కాళ్ళుండవు బాబాయ్.
ఉంటే అదీ పోయేది."
షాబాన్ పడవ ఇంజన్లు బాగుచేస్తాడు,
వాడు పట్టుకున్న గ్లాసు మీద ఎప్పుడూ డీజిల్ వేలిముద్ర.

నియాజీ పంతులు సిగరెట్ పెట్టె చింపి
లోపలి తెలుపు మీద లెక్కలేస్తాడు:
ఏజెంటుకింత, చిన్నప్పుడు ఆట నేర్పిన క్లబ్బుకింత,
మనకి మిగిలేది ఒక గోలీ, అదీ ముసలి గోలీ.
"నాలుగు నెలల జీతం ఎగ్గొట్టింది మనవాళ్ళే కదా,
ముందు మాట తప్పిందెవరు?"
"ఏరు దాటాక తెప్ప తగలేసేవాణ్ణి వెనకేసుకొస్తావా!"
"తెప్పకి చిల్లులున్నాయంటున్నాను."

బల్లలు మోగాయి. ఎవరి టీ వాళ్ళ ముందే చల్లారింది.

అప్పుడన్నాడు జెవ్‌దెత్, చెయ్యి విదిలించి:
"పోతే పోనీ, పీడా వదిలింది.
వాడి నడత మాత్రం ఏపాటిది?
రేవు హోటల్లో ఆ రాత్రి, పాపం, ఆ పిల్లని..."

మిషను ఆపేశాను.

నవంబరులో ఇదే బల్ల, ఇవే నోళ్ళు:
కుర్రాడు, నెత్తురు వేడి.
తాగినవాడి చెయ్యి తగిలితే అంత రాద్ధాంతమా.
అర్ధరాత్రి ఆ పిల్లకి అక్కడేం పని?

పనే. ఆమె పని అక్కడే.
ప్లేట్లు తీసే పని.

ఆ ఆదివారం వాడు రెండు గోళ్ళు కొట్టాడు.
సోమవారానికల్లా ఆమె చెప్పింది అబద్ధమైపోయింది.
ఇవాళ వాడు సామాను సర్దుకుంటుంటే
ఆమె మళ్ళీ నిజమైంది.

నేనేమన్నానని అడగండి.
నవంబరులో ఆ పేరుతో ముప్ఫై చొక్కాలు అమ్మాను.

రిఫ్కీ ట్రే పట్టుకుని వచ్చాడు.
అందరి ముందూ గ్లాసులు పెట్టాడు.
జెవ్‌దెత్ సాసర్లో ఎప్పుడూ ఉండే రెండు చక్కెర బిళ్ళలు
ఇవాళ లేవు.
జెవ్‌దెత్ అడగలేదు,
చేదుగానే తాగాడు, చివరిదాకా.
రిఫ్కీ కూతురని ఎవరూ అనలేదు.
నియాజీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాటినుంచి నా దగ్గర వరస.
పేరు పీకెయ్యమని ఒకడు,
నంబరు కూడా వద్దని ఒకడు,
అదే ఖరీదులో కొత్తవాడి పేరు వెయ్యరాదా అని ఇంకొకడు.
ఇస్త్రీపెట్టె ఆవిరి పడితే జిగురు ఇట్టే వదుల్తుంది.
పీకిన అక్షరాలు బిస్కెట్ డబ్బాలో వేశాను,
ఏదో ఒక పేరుకి పనికొస్తాయి.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇల్క్‌నూర్ వచ్చింది.
సంచీలోంచి చిన్న చొక్కా తీసింది,
తమ్ముడు ఓజాన్‌ది, ఎనిమిదేళ్ళ కొలత.
వీపు మీద అదే పేరు. తొమ్మిది.
నా చెయ్యి అలవాటుగా ఇస్త్రీపెట్టె మీదికి పోయింది.

"అది కాదు" అంది.
"వాడికిష్టం. ఏడుస్తాడు.
చంక కింద కుట్టు ఊడింది, అంతే.
నేనే కుట్టేదాన్ని గానీ
సూది పడితే మణికట్టు తిరగడం లేదు."

ఎర్ర దారం వెతుకుతూ చాలాసేపు
డబ్బాలో తల దూర్చి ఉండిపోయాను.
దారం పైనే ఉంది.