బిళ్ల నంబరు 4176

ఆదివారం చిక్కపేట వెనక సందులో
గోనెపట్టా మీద పరిచిన పాత ఇనుములో
నా కళ్ళు వెతికేది రూపాయి బిళ్లంత ఇత్తడి.
గడియారాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు
భూతద్దం బిగించుకున్న కన్ను ఇది,
తుప్పులోనైనా అంకె కనబడితే ఆగిపోతుంది.

యుద్ధకాలపు కార్ఖానా బిళ్లలు.
విమానాల రెక్కలకు రివెట్లు కొట్టినవాళ్ళవి,
పారాచూట్ల గుడ్డ కుట్టినవాళ్ళవి.
చొక్కా మీద ఇది లేకపోతే
గేటు దగ్గర కావలివాడు కూలి సగం కోయించేవాడట.
పేరుండదు. చుట్టూ పళ్ళచక్రం, మధ్యలో అంకె,
వెనక ఒక పిన్ను. అంతే మనిషి.

అరవై రెండు పోగయ్యాయి ఇప్పటికి.
ఒకదాని పిన్ను విరిగితే ఎవరో రాగితీగ చుట్టుకున్నారు.
ఒకటి రైలు కింద పెట్టినట్టు పల్చబడింది.
ఒకదానికి నడిమధ్య బెజ్జం,
యుద్ధమయ్యాక ఏ మేకపిల్ల మెడలోనో మోగిందేమో.

పీరాన్ సాబు నా మొహం చూసి ధర చెబుతాడు.
"తూకానికమ్మితే ఇత్తడికే డబ్బు సార్,
మీకైతే అంకెక్కూడా."

4176 అలా దొరికింది.
పిన్ను మొదట్లో ఇరుక్కుని ఒక నూలుపోగు,
ఖాకీ కాదు, ఎరుపు.
చీరంచు పోగు.
ఆ రాత్రి దీపం ఆర్పలేదు నేను.
కోలారు బండిలో వచ్చేదా?
పైట మీద గుచ్చుకునేటప్పుడు వేలికి దిగేదా?
సైరన్ మోగితే ముందు సద్దిగిన్నె అందుకునేదా, చెప్పులా?
ఉన్నది ఒక పోగు, ఒక అంకె.
మిగతా చీరంతా నేను నేసుకున్నదే.

సోమవారం పెన్షను పనిమీద బ్యాంకుకెళ్ళి వచ్చేసరికి
వనజాక్షి అరవై మూడింటినీ చింతపండుతో తోమి
దీపపు కుందుల పక్కన
చేటలో ఎండబెట్టింది.
"మకిలి చూళ్ళేకపోయాను," అంది.
మకిలే వాటి వయసని,
నా బోటివాడెవడూ తోమడని,
తోమితే విలువ సగానికి పడిపోతుందని
చెప్పబోయి, చెప్పలేక, పోగు అడిగాను.
"ఏ పోగు?"

తూము దగ్గర గొంతుక్కూర్చున్నాను.
రెండు మెతుకులు, ఒక చింతగింజ,
బూడిదరంగు నీళ్ళు.

ఆమె నావైపు కాసేపు చూసింది.
చేటలోంచి చేతికందిన బిళ్ల తీసి
జారుతున్న పైటకి భుజం దగ్గర గుచ్చుకుంది.
అదే బిళ్ల.
నేను చూసుకుందని గాని, చూడకుందని గాని
చెప్పలేను.
"పిన్ను గట్టిదే," అంది.

లోపల కుక్కరు కూత పెట్టింది.
షిఫ్టుకి వేళయినట్టు
తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.
గడప ఇవతల నేను,
బిళ్ల మరిచి వచ్చినవాడిలా.