రెండో చప్పుడు

హలసూరు మెట్రో స్తంభాల పక్కన
రెండో అంతస్తులో నా వినికిడి పరీక్షల గది.
గోడలకు నురగ పలకలు, తలుపుకు రబ్బరు అంచు.
లోపల కూర్చుంటే
ఊరు ఊపిరి బిగబట్టినట్టుంటుందని అంటారు.

హవల్దార్ దస్తగిరి వస్తూనే
వేలి కణుపుతో గోడని రెండుసార్లు తట్టి చూశాడు.
"మంచి గది. ఇందులో తుపాకి పేల్చినా
కింద టీకొట్టు వాడు గ్లాసు దించడు."

ఇరవై ఆరేళ్లు ఆర్మరర్.
కాల్చింది తక్కువ, విన్నది ఎక్కువ.
తను బాగుచేసిన తుపాకిని రేంజిలో ఎవరో కాలుస్తుంటే
వెనక షెడ్డులో చేతుల నూనె తుడుచుకుంటూ
జబ్బు కుదిరిందో లేదో చెవితోనే తేల్చేవాడు.
ఆ మాటల్లో కడప యాస, కంటోన్మెంటు కన్నడం,
మధ్యమధ్య రెజిమెంటు హిందీ.

హెడ్‌ఫోను పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి
నాకే పాఠం మొదలెట్టాడు.

"త్రీ నాట్ త్రీ పక్కవీధి రోకటిపోటమ్మా.
పోటుకీ పోటుకీ మధ్య
వడ్లు ఎగదోసేంత వ్యవధి. అది బోల్టు లాగే చెయ్యి.
ఎస్సెల్లార్‌ది క్వారీ గొంతు,
కొండకి అవతల పడి ఇవతల లేస్తుంది.
ఇన్సాస్ సన్నం,
పొయ్యిలో ఉప్పుకల్లు చిట్లినట్టు.
ఏకే అంటావా,
మిద్దె మీద ఎవరో తడి చాప దులుపుతున్నట్టు.
అది విన్నప్పుడు మాత్రం పోలికలు వెతకలేదు,
బోర్లా పడుకున్నాను."

నవ్వాడు.
నేను నవ్వాలో వద్దో తేలలేదు.

"మా నాయన దూది ఏకేవాడు.
వింటినారి మోతని బట్టి
దూదిలో తేమెంతో చెప్పేవాడు.
ఈ చెవి ఆయనదే."

మరి దూరం ఎలా తెలుస్తుంది?

"నీ వైపు కాలిస్తే రెండు చప్పుళ్లు.
ముందు తూటాది,
నెత్తిమీద చెర్నాకోల విదిలించినట్టు.
తర్వాత తుపాకిది, నింపాదిగా, దుమ్మని.
మధ్యలో లెక్కపెట్టుకోవాలి.
మొదటిది విన్నావంటే బతికున్నావు.
రెండోది వాడి చిరునామా.

కానీ మైలు దాటిందనుకో, అన్నీ ఒకటే.
పదునంతా గాలి తినేస్తుంది.
చిట్లడం, చీరడం దారిలోనే రాలిపోయి
బొద్దు మోత ఒక్కటే ఇల్లు చేరుతుంది.
అప్పుడు ఏది ఏ తుపాకో
నేనూ చెప్పలేను."

తలుపు మూసి బొత్తాం నొక్కుతూ పోయాను.
లోతు స్వరాలకి ఠంచనుగా చెయ్యెత్తాడు.
పైకి పోయేకొద్దీ చెయ్యి ఆలస్యమైంది.
నాలుగు వేల దగ్గర
గీత లోయలోకి జారింది.
ఆరు వేల దగ్గర
అద్దంలోంచి నన్నే చూస్తూ కూర్చున్నాడు,
నేనింకా మొదలెట్టలేదనుకుని.

కాగితం చూపించాను.
ఇదిగో, ఈ పల్లంలో ఉంటాయి స, శ, త, క.
ఇవి మీ దాకా రావడం లేదు.

బయట బెంచీ మీంచి హుసేనమ్మ లేచి వచ్చింది.
"కత్తి అంటే బత్తి తెస్తాడు.
సీసా అంటే మీసం తడుముకుంటాడు.
పైగా నేను గొణుగుతానంట,
నలభై ఏళ్లుగా అరుస్తున్నదాన్ని!"

గీత మీద వేలు పెట్టి
చివరిదాకా దిగాడు దస్తగిరి. మళ్లీ ఎక్కాడు.
"పదును గాలి తినేసింది" అన్నాడు ఎవరితోనో.
"అయితే ఇది
మైలు అవతల నుంచి మాట్లాడుతోందన్నమాట,
మా వంటింట్లోంచే."

చూడమని ఒక మిషను తగిలించాను.
ధర చెప్పేసరికి
అది మాత్రం వినపడనట్టు గోడకేసి చూశాడు.

హుసేనమ్మ కొంగు సర్దుకుంది.
ముందు గాజులు గలగలమన్నాయి.
తర్వాత మాట: "ఏం, వినపడుతోందా?"
ఆయన పెదాలు కదలడం చూశాను,
లెక్క ఒకటి కూడా పూర్తికాలేదు.

"ఇక్కడే ఉన్నావే" అన్నాడు.

కింద సిటీబస్సు బ్రేకు కీచుమంది.
కుర్చీలోంచి సగం లేచాడు.
"ఇదేం తుపాకమ్మా?
నా చేతిలోకి ఎప్పుడూ రాలేదే!"