కుడి మూడు, కోయొద్దు

ఏడాదంతా ప్రపంచం తిరిగొచ్చావు కదా, ఏం చూశావని
రొట్టెకు వెన్న రాస్తూ అడిగింది మా అక్క కూతురు.
ఏం చెప్పను?
ఉర్మస్ చూశాడు.
నేను చదివాను.

జనవరిలో, ఆల్ప్స్ కొండల్లో, అర్ధరాత్రి
మంచు పేరుకున్న కనుమ దారి
నాకు గీతల కాగితం మీద పెన్సిలు రాతే:
ఎడమ నాలుగు, నలభై, కుడి రెండు ముడుచుకుంటుంది,
నీడలో నల్లమంచు, ఓపిక పట్టు.
తలెత్తితే వరుస తప్పుతుంది.
వరుస తప్పితే లోయ.
మోకాళ్ళ మీది పుస్తకమే నా కిటికీ.

పోటీకి ముందు రెండు రోజులు
అదే దారిలో మామూలు కారు, నత్తనడక.
అతను చెబుతాడు, నేను రాస్తాను.
పోటీ రోజు నేను చెబుతాను, అతను నమ్ముతాడు.
పదకొండేళ్ళుగా మా మధ్య ఇంతే.

మూడు అంటే ఎంత వంపో ఏ నిఘంటువులోనూ లేదు.
ఉర్మస్ మణికట్టు తిరిగినంత.
కోయొద్దు అంటే, మలుపు లోపలి అంచు తొక్కకు,
గడ్డిలో రాయి పొంచి ఉంది.
అమ్మమ్మ అని ఇంకో మాటుంది మాకు.
అది తర్వాత చెబుతాను.

స్వీడన్ అడవిలో
మేకుల టైర్లతో మంచును చీల్చుకుంటూ వచ్చి
స్టేజి దాటిన పది నిమిషాలకు
పాలవ్యాను వెనక, ఎర్రలైటు దగ్గర
బుద్ధిగా ఆగాం.
వ్యాను ఆయన అద్దంలో మమ్మల్ని చూసి
టోపీ సర్దుకున్నాడు.

కెన్యాలో దుమ్ము అడక్కుండా లోపలికొస్తుంది.
పళ్ళ సందుల్లోకి, వేళ్ళ చెమటలోకి.
నైవాషా దాటాక
రెండు పేజీలు అతుక్కుని ఒక్కటిగా తిరిగాయి.
ఎడమ ఐదు, నమ్ము, అన్నాను.
అక్కడ ఎడమ లేదు.
ఎండిన వాగుంది.

కారు పక్కకి ఒరిగి పడుకుంది, అలిసిన గేదెలా.
బెల్టుకు వేలాడుతూ నేను
పేజీలు విడదీస్తూనే ఉన్నాను.
మేకల్ని వదిలేసి లెమయాన్ అనే కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు,
వాడి వెనక మరో ఆరుగురు.
భుజాలానించి కారుని లేపారు.
కింద పడ్డ నా పుస్తకం దులిపి
తలకిందులుగా పట్టుకుని చూసి,
"ఇంత వేగంలో చదువుకుంటున్నావా?" అని పగలబడి నవ్వాడు.

ఉర్మస్ తిట్టలేదు. ఏమైందని అడగలేదు.
గేరు వేసి,
"తర్వాతి పేజీ" అన్నాడు.

ఆ రెండు మాటలు మోస్తూనే
మిగతా ఏడాదంతా తిరిగాను.
గ్రీసు రాళ్ళు మింగిన టైర్ల లెక్క మెకానిక్ కైడోకి తెలుసు.
చిలీ పొగమంచులో బానెట్టే కనిపించలేదన్నాడు ఉర్మస్;
నాకది మామూలు రోజే.

ఫిన్లాండులో మాత్రం ఒక గుట్ట ఉంది.
దాని మీంచి కారు లేస్తుంది.
నేల లేనంతసేపు నోట్సులో మాట ఉండదు,
ఒక చుక్క పెట్టుకుంటాను.
ఏడాదిలో నేను తలెత్తేది ఆ చుక్కలోనే.
ఈసారి భూర్జ చెట్ల కొనలు, ఒక ముక్క సరస్సు,
కంచె మీద ఎవరిదో పసుపు రంగు గొడుగు.
అదిగో, అడిగావుగా, అవి చూశాను.

నవంబరు. జపాన్.
తడిసిన ఆకులు పరిచిన ఇరుకు తారురోడ్డు.
మొత్తం మీద ఆరో స్థానం.
టైము కార్డు ఇచ్చేసి, హెల్మెట్ తీసి,
"నడుము ఇక ఒప్పుకోవడం లేదు" అన్నాడు ఉర్మస్,
మా అంకెల్లో కాదు, అందరూ మాట్లాడే మాటల్లో.
దానికి రాయడానికి నా దగ్గర గుర్తు లేదు.

వచ్చే వారం నుంచి ఐవిన్ అనే కుర్రాడితో.
ఇరవై రెండేళ్ళు. వాడి మూడు నా నాలుగు.
వాడి నమ్ముకి ఇంకా అర్థం రాలేదు.

ఒక పేజీ చదవవా, అంది పిల్ల.
చదివాను, వంటింట్లో, ఆ వేగంతోనే.
కుడి మూడు, కోయొద్దు, అరవై,
ఎడమ రెండు, అమ్మమ్మ.

నమలడం ఆపేసింది.
"అమ్మమ్మ అంటే?"

మా మొదటి ఏడాది, ఓ చెక్కవంతెన మీద
బకెట్టుతో ఒకావిడ దాటుతోంది.
ఆమె దాటేదాకా ఆగాం, గడియారం పరిగెడుతున్నా.
"మెల్లగా అని" అన్నాను.
"కింద నీళ్ళున్నాయి అని."