గజానికి రెండు నూళ్లు

నిరుడు శ్రావణంలో పడమటి గోడ పడింది.
పడేముందు చెప్పింది పాపం, నేనే వినలేదు:
అడుగున ఉప్పు పూసింది,
సున్నం పొరలు పొరలుగా లేచింది,
బీరువా వెనక చెమ్మకి
పెళ్లివారి రవిక గుడ్డ రెండు రంగులైంది.

గుణుపురంలో వాన మీద నేరం మోపడం తేలిక.
వంశధార పొంగిందంటాం,
కొండ మీద మబ్బు కూలబడిందంటాం.
దాలయ్య మాత్రం చూరు కింద నేల చూపించాడు.
రేకు ఒక్కో గాడి కింద ఒక్కో గుంట,
వరసగా, నా మిషను కుట్టులా.
"పునాది తవ్విందిక్కడే తల్లీ.
వాన కాదు, నీ చూరు."

వాళ్ల తాత తాటిమాను చీల్చి దోనె వేసేవాడట.
ఇతను రేకు మడుస్తాడు.
సన్నటి పైపులో నీళ్లు నింపి ఒక కొస నాకిచ్చి
రెండోది పట్టుకుని నిచ్చెనెక్కాడు.
నా చేతిలో నీళ్లూ అతని చేతిలో నీళ్లూ
కాసేపు ఊగి, ఒక్క మట్టానికి వచ్చి ఆగాయి.
అక్కణ్ణించి గజానికి రెండు నూళ్లు దించి గీత కొట్టాడు.
"ఎక్కువ వాలితే దూకేస్తాది,
తక్కువైతే నిద్దరోతాది.
నీరు గుడ్డి ముసిల్ది,
సెయ్యి పట్టుకుని దిగబెట్టాల."

ఎనిమిది కొక్కేలు కావాలి, బజార్లో ఏడే దొరికాయి.
ఎనిమిదోది సైకిలు మడ్‌గార్డు కమ్మీ వంచి చేశాడు.
డబ్బులు ఏడింటికే తీసుకున్నాడు.

గొట్టం తన పెరటివైపు తిరిగిందని
మాలతీ మావుసి ఒడియాలో తిట్టింది,
నేను తెలుగులో తిట్టాను,
ఇద్దరికీ ఒక్క మాటా జారిపోలేదు.
మధ్యలో డ్రమ్ము పెట్టాం. రోజూ రెండు బకెట్లు ఆవిడవి.

ఇప్పుడు రోహిణి ఎండలోనే నిచ్చెన వేస్తాను.
మునగాకు, తుప్పు, పిచ్చుక ఈక,
తెగిన గాలిపటం తోక,
కాకి ఎత్తుకెళ్లిన నా ఇత్తడి అంగుస్తానా.
పిడికిళ్లతో తీసి కింద పడేస్తుంటే
వీధిలో పిల్లలు, దర్జీ అమ్మకి పిచ్చెక్కిందని.
ఎక్కనీ. ఒక్క గుప్పెడు ఆకు చాలు
గోడని మళ్లీ నానబెట్టడానికి.

రాత్రి మొదటి వాన.
కొత్త గోడ పక్కన అడుగుల చప్పుడు లేదు.
చూరు వెంట మూలదాకా నడిచి
డ్రమ్ములోకి దిగుతోంది ముసిల్ది.
గోడకవతల నుంచి మావుసి: "డ్రమ్ము భర్తి హెలా?"
లేచి చూడలేదు నేను.
చప్పుడు లావెక్కింది.
"సగం దాటింది" అన్నాను.
తెలుగులోనే.