శుక్రారం వంద

ఎనుమాముల యార్డుల
లారీలు లేచిపోయినంక నా పని మొదలైతది.
ముక్కుకు చెంగు కట్టుకోని
కుప్పల నడిమి కుప్ప కాని మిర్చిని
చీపురుకొసతోని దగ్గరికి పిలుస్త.
తొడిమె ఊడింది, తాలుది, కాలికింద నలిగింది,
బస్త కుట్టంగ సందుల నుంచి జారింది.
ఎవని లెక్కల లేనిదంత నా లెక్క.

పొద్దుగాల జెండా పాట వినవడ్తది.
తేజ ఇరవై రెండు వేలంటరు.
నెల తిరుగకముందే పదమూడు.
రైతు నోట్లె బీడి ఆరిపోయి అట్లనే ఉంటది.
నా చాట సంగతి వేరు:
ధర ఎక్కిననాడు గింజ గూడ దులుపుకపోతరు,
నాకు గుప్పెడు.
పడ్డనాడు ఎవడూ వంగడు,
నాకు చాటెడు.

గీ ముచ్చటనే ఓదెలు ఇంకోతీరుగ చెప్పిండు,
కోల్డు స్టోరేజిల రాత్రి డ్యూటీ చేసే మా ఆడిబిడ్డ కొడుకు.
“అత్తా, ఇది గూడ మిర్చే అనుకో.
దీనికి యార్డు లేదు, ఆదివారం బందు లేదు,
అర్ధరాత్రి గూడ పాట నడుస్తది.
ధర అడుగకు. వారం తప్పకు.
ఎక్కినా వంద, దిగినా వంద.”

బిట్‌కాయిన్ అన్నడు.
బిల్లనా అంటె కాదు. కాయితమా అంటె కాదు.
మరి ఏడ దాస్తర్రా అంటె
పన్నెండు మాటలు రాసిన చిట్టి ఇచ్చిండు,
ఇది పోతె దేవుడు గూడ తాళం తియ్యలేడన్నడు.
నాకు సదువు రాదు.
పాల ప్యాకెటుల చుట్టి ఉప్పుడబ్బ అడుగున పెట్టిన.

అనుమానమైతె పోలె.
సరుకంటె చెయ్యి మండాలె,
మూట విప్పితె తుమ్ము రావాలె.
ఫోనును ముక్కుకాడ పెట్టుకోని చూసిన,
ఓదెలు చేతి చెమట వాసన, అంతే.

అడ్తి గుమాస్తా సదానందం నవ్విండు.
“గుప్పెడు గుప్పెడు ఎప్పుడు నింపుతవు కొమురక్కా?”
హసన్‌పర్తి కాడి ప్లాటు అమ్మి
ఒక్కనాడే, ఒక్క పాటకే, కుప్ప మొత్తం కొన్నడు.
పదిరోజులు అందరికి చాయ్ పోయించిండు.
పదకొండోనాడు ఫోను బోర్ల పండవెట్టి
కాంటా మీద చెయ్యి ఆనిచ్చి నిలవడ్డడు.
కాంటా నాలుగు కిలోలు చూపెట్టింది.
ఎవరూ రాసుకోలె.

ఆ శుక్రారం ఓదెలే బుగులువడ్డడు.
“అత్తా, సగానికి సగం పాయె. ఆపుదామా?”
“పడ్డనాడు వంగకపోతె
ఎక్కిననాడు ఏం ఏరుతవురా” అన్న.
వంద ఇచ్చిన.
ధైర్యమనుకునేరు, గాదు. చీపురు అలవాటు.
ధైర్యమే అయితె
ఎన్ని వందలకు ఒక గ్యాసుబండ అని
తెల్లారేదాక వేళ్ల మీద లెక్కవెట్టిందెవరు?

ఒక్క శుక్రారం మాత్రం తప్పిన.
దగ్గు. ఎంజీఎం లైన్ల పొద్దంత నిలవడి
ఆ వంద బయటి మందుల షాపుల ఇచ్చిన.
డాక్టరమ్మ నా రొమ్ము ఫోటో వెలుగుకు ఎత్తి చూపెట్టింది.
తెల్లగ, సన్నగ, అక్కడక్కడ.
పదిహేనేండ్ల దుమ్ము,
నేను అడుగకుండనే
దినం ఇంత, దినం ఇంత జమైందట.
అందుల ఏ వారమూ తప్పలే.

మల్లా శుక్రారం వచ్చింది.
ఓదెలు నోరు తెరిచి అడుగలె. నేనే పిలిచిన.
“ఎన్ని అయినయిరా?”
“ధర చెప్పొద్దన్నవు గదా.”
“ధర గాదు, వారాలు.”
“అరవై ఒకటి. ఒకటి తప్పింది. ఇయ్యాల రెండు వందలు వేద్దామా?”
“తప్పింది తప్పిందే. వందే.”

కొంగుముడి విప్పి నోటు తీసిన.
మడతల ఒక మిర్చిగింజ అతుక్కోని ఉన్నది.
వాడు ఫోను వెలుగుల నోటు సాపుజేసుకుంట
ముఖం అటు తిప్పి
తుమ్మిండు.