తలకాయ ఒకచోట

గవరయ్య పాతసామాన్ల కొట్లో
మిషను తలకాయ వేరు, కాళ్ళు వేరు.
తలకాయకి కిలో లెక్క.
కాళ్ళకి ఈమధ్య గిరాకీ,
కాఫీ హోటళ్ళవాళ్ళు పైన గాజుపలక వేసి
బల్లలు చేసుకుంటున్నారట.
"కాళ్ళు పొద్దున్నే ఎలిపోనాయి మేస్త్రీ,
తలకాయ గావాలంటే ఒట్టుకెల్లు."

బలగ నుంచి ఇంటిదాకా
సైకిలు వెనక కట్టి నడిపించుకొచ్చాను,
జ్వరమొచ్చిన పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్ళినట్టు.
వరహాలు గుమ్మంలో నిలబడి లెక్కపెట్టింది.
పదిహేడు.
"ఇంకోటి తెస్తే మనిద్దరికీ వీధిలోనే పక్కలు" అంది.
అని, కిరసనాయిలు డబ్బా తనే అందించింది.

ముప్పయ్యొక్కేళ్ళు డిపోలో
బస్సుల కింద పడుకున్నవాణ్ణి.
ఒక చెవి ఇంజన్లు తినేశాయి,
రెండోది వీటికిచ్చాను.
ఒంట్లో బాగున్న మిషను టకటకమనదు,
చేటలో చోళ్ళు చెరిగినట్టుంటుంది.

పళ్ళపట్టీ మీది రేకు విప్పితే
తెట్టెకట్టిన పీచు.
సూదిమొనతో పొర తర్వాత పొర తీశాను.
పైన బడిపిల్లల నిక్కర్ల ఖాకీ.
దాని కింద ఏదో పార్టీ జెండా రంగు.
దాని కిందా జెండాయే, వేరే పార్టీది.
మిషనుకి ఓటు లేదు.
అట్టడుగున మిరపగింజంత ఎరుపు,
నూనె తాగి గట్టిపడి,
ఎవరి రవికో.
బాబిన్‌లో మూరెడు తెల్లదారం మిగిలింది.
దాన్ని తెంపలేదు.

తలకాయ వెల్లకిలా తిప్పితే
గోళ్ళరంగుతో రాసిన పేరు:
తవిటమ్మ, నరసన్నపేట.
పక్కన ఫోను నంబరు, చివరి అంకె రాలిపోయి.
సున్నా నుంచి వేసుకుంటూ వచ్చాను.
మూడుకి ఒక లారీ డ్రైవరు తిట్టాడు.
ఆరుకి ఆవిడ పలికింది.

ఎంతకి కొన్నానని ఆవిడ అడగలేదు.
ఎందుకమ్మారని నేనూ అడగలేదు.
"పువ్వు ఉన్నాదా బాబూ?"
"సగం ఉందమ్మా. మీ అరచెయ్యి ఆనినవైపు లేదు."
"కాళ్ళో?"
"దొరకలేదు."
కాసేపు ఎవరింట్లోనో కుక్కరు కూత మాత్రమే వినిపించింది.
"దొరికితే తొక్కుడుపలక ఎడంపక్క సూడు.
నా మట్టి గీసుకుని గీసుకుని
ఇనుం ఎండినాగ మెరుస్తాది."

ఏడురోడ్ల కూడలి నుంచి డే అండ్ నైట్ దాకా
నాలుగు హోటళ్ళు, నాలుగు కాఫీలు.
షుగరున్నవాణ్ణి.
చెప్పులు విప్పి బల్ల కింద పాదంతో తడుముతుంటే
ఎదుటి బల్ల దగ్గర ఆడపిల్లలు
కుర్చీలు దూరం జరుపుకున్నారు.
వాళ్ళది తప్పేం కాదు.

అయిదోచోట, ఏసీ చలిలో,
నా బొటనవేలికి తగిలింది
గోరంత పల్లం,
చుట్టూ గరుకు, అక్కడొక్కటే నునుపు.
తొక్కాను.
కదల్లేదు.
ఎవరి కాఫీ ఒలికిపోకుండా
ఇరుసుకి వెల్డింగు పెట్టేశారు.

జేబు మీద డిల్లేశ్వరరావు అని పేరున్న కుర్రాడు
బిల్లు పెట్టి నిలబడ్డాడు. నూటనలభై.
"ఈ కాళ్ళు అమ్ముతారా బాబూ?"
"ఆరు బల్లలూ సెట్టు సార్, విడగొట్టరు."

లాల్చీ జేబులో నూనెబుడ్డి ఎప్పుడూ ఉంటుంది.
చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగి
ఇటో చుక్క, అటో చుక్క వేశాను.
తిరగని ఇరుసుకి నూనెందుకంటే
నా దగ్గర జవాబు లేదు.
వరహాలు కూడా ఇదే అడిగింది.

రాత్రి ఫోను చేసి చెప్పాను,
కాళ్ళున్నాయి, నీడపట్టునే ఉన్నాయని.
వెల్డింగు మాట ఎత్తలేదు.
తవిటమ్మ నవ్వింది.
"ఇప్పుడు కరెంటు మిషనే బాబూ,
మీట నొక్కితే అదే కుట్టుకుపోతాది.
కాలికి పన్నేదు.
అయినా ఊరుకోదు ముండ,
కింద గచ్చు మీద కొట్టుకుంటనే ఉంటాది."