ఏడు నిమిషాలు

కుతాయిసి విశ్వవిద్యాలయంలో
వక్తృత్వ శాఖకు నేను కాలం చూసిపెట్టేవాణ్ణి.
పెద్ద పదవేం కాదు.
ఒక గడియారం, ఒక ఇత్తడి గంట,
వంద పేజీల గళ్ల నోటుబుక్కు.
ఆరో నిమిషానికి ఒక దెబ్బ, ఏడుకు రెండు.
ఆపైన పలికిన మాట లెక్కలోకి రాదు,
ఎంత బంగారు మాటైనా.

ఇరవై రెండేళ్లలో
నరం లేని నాలుకలు ఎన్ని చూశానో.
కోడిగుడ్డుకు ఈకలు పీకి
ఆ ఈకలతో దిండు కుట్టి
దాని మీదే హాయిగా నిద్రపోయినవాళ్లున్నారు.
వాళ్లలో ఇద్దరు ఇప్పుడు టీవీలో కనిపిస్తారు.
నేను ఛానెల్ మారుస్తాను.

నాతెలా టీచరు పద్ధతి వేరు.
మొదటి నెలంతా విశేషణాలు నిషేధం.
"రొట్టె గురించి మూడు నిమిషాలు చెప్పండి,
మెత్తన, వెచ్చన, కమ్మన అనకుండా."
పిల్లలు నీళ్లు నమిలేవాళ్లు.
రెండో నెల పూర్వపక్షం:
ఎదుటివాడి మాటను
వాడికంటే బాగా చెప్పాలి,
వాడు తల ఊపేదాకా చెప్పాలి,
ఆ తర్వాతే కాదనాలి.
కొందరు తల ఊపించే దగ్గరే
అవతలి ఒడ్డుకు జారిపోయేవాళ్లు.
ఆమె వాళ్లకే ఎక్కువ మార్కులు వేసేది.

ఆ ఫిబ్రవరిలో హీటరు పాడై
అందరూ కోట్లతోనే కూర్చున్నారు.
మాటకంటే ముందు నోట్లోంచి ఆవిరి వచ్చేది.
బోర్డు మీద అంశం:
చియాతురా గనులు మూసేయాలి.
ఉన్ని టోపీలో చీట్లు కలిపారు.

ఎలిసో తన చీటీ విప్పి
మళ్లీ మడిచి, మళ్లీ విప్పింది.
ప్రతికూలం.
అంటే గని ఉండాలని వాదించాలి.
ఆమెది ఆ కొండల్లోని ఊరే.
సెప్టెంబరులో దరఖాస్తు నింపుతూ
ఇంటి చిరునామా గడి దగ్గర ఆగి
"ఇప్పుడుంటున్నదా, పగిలినదా?"
అని అడిగింది నన్ను.

చీటీ మార్చుకోవచ్చు, నిబంధనల్లో ఉంది.
నాతెలా కళ్లజోడు పైనుంచి చూసింది.
ఎలిసో తల అడ్డంగా ఊపింది.

మొదట బాద్రి. లా మూడో ఏడు.
కంచు గొంతు, కొత్త బూట్లు.
దుమ్ము, నల్లబడిన నది, చంటిపిల్లల దగ్గు...
ఆమె చెప్పాల్సినవన్నీ
అతనే చెప్పాడు, కాగితం చూసి.
క్విరిలా పేరు తప్పు పలికాడు.
ఆమె సరిదిద్దలేదు.

తర్వాత ఎలిసో లేచింది.
విశేషణం ఒక్కటి లేదు.
పదిహేనో తారీఖున జీతం.
జీతంతో పిండి, మందులు, బడికి బస్సు.
గని మూస్తే పదహారో తారీఖున ఏముంటుందో
వేళ్లు మడిచి చూపించింది.
రాత్రి షిఫ్టు దిగి వచ్చి
నిద్రపోయేవాళ్లు లేవకుండా
బూట్లు గుమ్మం బయటే విప్పే మనిషి గురించి చెప్పింది.
పేరు చెప్పలేదు.
వెనక బెంచీలో ఎవరో చప్పట్లకు చేతులెత్తి
ఎందుకో దించుకున్నారు.

"మా గోడలో బీట ఉంది," అంది, అయిదు దాటాక.
"చిన్నప్పుడు అందులో నాణేలు దాచుకునేదాన్ని.
ఇప్పుడు నా చెయ్యి పడుతుంది."
అని ఆగిపోయింది.

అది ఏ పక్షం మాట?
బాద్రి రాసుకోబోయి కలం పైకెత్తాడు.
కిటికీ బయట రియోని
రాళ్లతో ఏదో అంటూనే ఉంది.
ఆరో నిమిషం వచ్చింది, పోయింది.
గంట నాలుకను వేళ్లతో పట్టుకుని కూర్చున్నాను.
ఇరవై రెండేళ్లలో
నేను చేసిన దొంగతనం అదొక్కటే.

"అయినా..." అంది చివరికి.
గోడ మీంచి పెచ్చు ఊడినట్టు రాలింది ఆ మాట.
మిగతాదంతా చకచకా ముగించింది.

గెలిచింది. న్యాయనిర్ణేతలు ముగ్గురిదీ ఒకే మాట.
నాతెలా చప్పట్లు కొట్టలేదు.
తన శాలువా తీసి ఆమెకు కప్పింది,
చలి కదా.

మెట్ల మీద కలిసింది, చేతిలో సగం కొరికిన ఆపిల్.
"ఎంతసేపు ఆగాను?"
"నాలుగు సెకన్లు."
"ఇంకా ఎక్కువనుకున్నాను."
గెలిచిన సంగతి ఇంట్లో చెప్పాలా వద్దా అని
నన్నడిగిందో ఆపిల్‌నడిగిందో తెలియలేదు.
ఏడున్నర వ్యాను హారన్ కొడుతోంది.
పరుగెత్తింది, శాలువాతోనే.

నోటుబుక్కులో మాత్రం ఉంది,
గళ్ల మధ్య, పెన్సిలుతో:
ఎలిసో. ప్రతికూలం. ముప్పై ఒకటి.